మేస్త్రి కట్టిన ముడి

నిరుద్యోగ భృతి ఆఫీసులో మూడో కిటికీ వెనక కూర్చునే ఆయనకి నేను 'రేపాయన' అని పేరు పెట్టాను. ఏం అడిగినా ఆయన నోటి నుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. కాగితం తిప్పాలంటే వేలు నాలిక మీద రాసుకుంటాడు. ఆ తడి వేలు తెచ్చి నా దరఖాస్తు మీద, సరిగ్గా నా పేరున్న చోట పెడతాడు. వెళ్లిన ప్రతిసారీ నా పేరు ఆయన ఉమ్ములో నానింది. నానీ నానీ అక్కడ కాగితం పలచబడి, వెనక పేజీలో అక్షరాలు కనిపిస్తున్నాయి. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా అత్తయ్య, అదే మా ఆయన తల్లి, తింటున్న కంచం పక్కకి నెట్టేసింది.

ఆ హాల్లో కుర్చీలన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించి ఉంటాయి. ఒకడు కాలు ఊపితే వరసంతా ఊగుతుంది. నంబర్లు చూపించే పెట్టె ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. అయినా గుమ్మం దగ్గర నంబరు చీటీ తీసుకోవాలి. లోపల ఆ చీటీ అడిగే నాథుడుండడు, తీసుకోకపోతే మాత్రం లోపలికి రానివ్వరు. బల్లకి తాడుతో కట్టేసిన పెన్ను ఉంటుంది, అందులో ఇంకు ఉండదు. తడి గొడుగుల వాసన, ఫినాయిల్ వాసన, పొద్దున్నుంచి ఏమీ తినని మనుషుల నోటి వాసన అన్నీ కలిసి గొంతులో తిష్ట వేస్తాయి. ఇంటికి వెళ్లి సబ్బు రుద్దుకున్నా అవి నన్ను వదిలేవి కావు.

"ఇంత దూరం ఎందుకు రావడం, ఫోన్లో చూసుకోవచ్చు కదా" అంటాడు రేపాయన. ఫోన్లో చూస్తే 'పరిశీలనలో ఉంది' అని వస్తుంది. పొద్దున చూసినా అదే, పొద్దుపోయాక చూసినా అదే. నన్ను ఇన్నాళ్లు నిజంగా ఎవరైనా పరిశీలించి ఉంటే ఈపాటికి నా పుట్టుమచ్చల లెక్క కూడా తేలిపోయేది.

నేను యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేశాను. కుట్టే హాల్లో కాదు, దాని వెనక కటింగ్ గదిలో. పెద్ద ముక్కలన్నీ మిషన్ కోస్తుంది. కాలర్లు, మూలలు, గీత తప్పిన ముక్కలు మాత్రం మేము చేతి కత్తెరతో కోయాలి. నాకంటే ముందు అదే బల్ల దగ్గర మా మేనత్త పనిచేసింది. మా ఇంట్లో ఎడమ చేతి వాటం ఆవిడకీ నాకూ మాత్రమే వచ్చింది. ఎడమ చేతివాళ్లు మామూలు కత్తెర పట్టుకుంటే కోయాల్సిన గీత కనిపించదు, బట్ట నలుగుతుంది. అందుకని ఆవిడ ఒక కమ్మరి వెంటపడి, వాడి ప్రాణం తీసి, ఎడమ చేతికని ఒక పెద్ద కత్తెర చేయించుకుంది. చేతులు వణకడం మొదలుపెట్టాక ఒక రోజు దాన్ని నా ముందు పెట్టి, "ఇక నీదే, పారేసుకున్నావంటే దయ్యమై వస్తాను" అంది. ఆవిడ పోయింది. కత్తెర నాకు మిగిలింది. ఇలాంటిది ఇంకొకటి బజారులో దొరకదు, చేసినవాడూ లేడు.

మా గదిలో కత్తెరలు కంపెనీవి కావు, ఎవరివి వాళ్లవే. పని అయ్యాక ఎవరి బల్ల కింద మేకుకి వాళ్లు తగిలించి వెళ్తారు. మా దగ్గర రాజీనామా రాసి మానేసిన మనిషిని నేను చూడలేదు. మానేసేవాళ్లు వాళ్ల కత్తెరని ఉత్తదాన్ని చేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా గుమ్మం దాటతారు. కత్తెర తుడిచే నూనె గుడ్డని మేకుకే వదిలేస్తారు. అంతే, ఆ మనిషి ఇక రాడు. ఎందుకని అడిగేవాళ్లు ఉండరు, ఉండిపొమ్మని బతిమాలేవాళ్లూ ఉండరు.

తిరిగి వచ్చే మనిషి కత్తెర సంగతి వేరు. పురిటికో, జబ్బు చేసో ఎవరైనా కొన్నాళ్లు ఇంట్లో ఉండాల్సి వస్తే, మా గది మేస్త్రి ఆ కత్తెరని స్వయంగా నూనె గుడ్డలో చుట్టి, బట్ట అంచు నుంచి చింపిన పట్టీతో కట్టి ఇస్తాడు. తిరిగొచ్చిన రోజు దాన్ని బల్ల మీద పెడితే మళ్లీ మేస్త్రే విప్పుతాడు. ముడి అలాగే ఉందంటే ఆ మనిషి మధ్యలో ఇంకెవరికీ పని చేయలేదని లెక్క. ఆ ముడి ఎలా వేస్తాడో మాలో ఎవరికీ పట్టుబడలేదు. ఇక దాన్ని కోయడమనే మాట ఆయన ముందు ఎత్తకూడదు. కొత్తగా చేరినవాడెవడో ఓసారి విప్పడం చేతకాక కత్తెర పెట్టి పట్టీని కోయబోతే, మేస్త్రి వాడి మణికట్టు గాల్లోనే పట్టేసుకున్నాడు. గీత గీసిన బట్టకి తప్ప దేనికీ పదును తగలకూడదని ఆయన పట్టుదల.

ఆ మేస్త్రిని మేమందరం బాబాయ్ అని పిలిచేవాళ్లం. నాకు ఇంకాస్త చనువు. ఆయనకి కత్తెర పట్టడం నేర్పింది మా మేనత్తే.

వానలు మొదలైన రోజుల్లో ఫ్యాక్టరీ మూశారు. ఆర్డర్లు లేవనీ, కొన్నాళ్లకి మళ్లీ పిలుస్తామనీ మేనేజర్ గుమ్మంలో నిలబడి చెప్పాడు. నూలు దుమ్ము కోటుకి అంటుకుంటుందని మా గదిలోకి ఆయన ఏనాడూ అడుగు పెట్టలేదు, ఆ రోజూ పెట్టలేదు. పిలుస్తారు కదా అని అందరూ కత్తెరలు మేకులకే వదిలేశారు. నేనూ వదిలేసి బయల్దేరుతుంటే బాబాయి వెనక్కి పిలిచాడు.

"అమ్మాయ్, కప్పు కారుతోంది. సరిగ్గా నీ బల్ల మీదే పడుతున్నాయి నీళ్లు. మీ మేనత్త కత్తెర తుప్పు పట్టిందంటే ఆవిడ పైనుంచి దిగొచ్చి నా చెంపలు వాయిస్తుంది. ఇంటికి తీసుకుపో, తెరిచాక తెద్దువుగాని."

అని తనే చుట్టాడు, తనే కట్టాడు. నేను ఆ మూట చంకలో పెట్టుకుని గేటు దాటాను. గేటు కాపలావాడు కూడా చూశాడు.

మా గదిలో వాళ్లందరికీ భృతి మంజూరైంది. ఆలస్యంగానో, విసిగించో, మొత్తానికి వచ్చింది. నాకు మాత్రం తిరస్కరణ కాగితం వచ్చింది. 'దరఖాస్తుదారు స్వచ్ఛందంగా ఉద్యోగం మానివేసినందున భృతికి అర్హురాలు కారు' అని ఉంది. ఎలా మానేశానంట అని అడగడానికి వెళితే రేపాయన వేలు తడి చేసుకుని కంపెనీ రాసి పంపిన ముక్క చదివి వినిపించాడు. ఆ ఫ్యాక్టరీలో సొంత పనిముట్టు బయటికి తీసుకెళ్లడమంటే ఉద్యోగం మానేయడమేనట, అది అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీయట, నేను కత్తెర తీసుకెళ్లడం కాపలావాడు చూశాడట.

నాకు ఒళ్లు మండిపోయింది. మేము బతికి ఉన్నామో లేదో ఇన్నేళ్లు పట్టించుకోని మేనేజర్‌కి మా ఆనవాయితీ ఎలా తెలిసింది? భృతిలో కంపెనీ వాటా కూడా ఉంటుంది. బాబాయిని పక్కన పెడితే అందరికంటే ఎక్కువ ఏళ్లు పనిచేసింది నేను కాబట్టి వాటా కూడా నాదే పెద్దది. అక్కడ పొదుపు చేయడానికి ఆయన మా గది లోపలిదాకా వచ్చాడు, అదీ మేమెవరం లేనప్పుడు. మా మధ్య ఉన్న మర్యాదని తీసుకెళ్లి మా మెడకే చుట్టాడు. 

"అప్పీలు చేసుకోవచ్చు" అన్నాడు రేపాయన.

"ఎప్పుడు తేలుస్తారు?"

"రేపు రండి, ఫారం ఇస్తాను."

ఇంట్లో ఉండేది నేనూ అత్తయ్యా. మా ఆయన ఎప్పుడో ఇంకో ఇల్లు చూసుకుని వెళ్లిపోయాడు. తల్లిని తీసుకెళ్తానని వస్తే, "నువ్వు వండి పెడతావా, అది వండి పెడుతుందా" అని అడిగి ఆవిడ నా దగ్గరే ఉండిపోయింది. నోరు పెద్దదే, మనసు చెడ్డది కాదు. తిరస్కరణ కాగితం రెండుసార్లు చదివించుకుని వింది.

"మరి ఆ మేస్త్రి చెప్పబట్టే కదే నువ్వు తెచ్చింది. ఆ ఒక్క మాట వాళ్లకి రాసిమ్మను. పోయేదేముంది" అంది.

పోయేదేమీ లేదనే నేనూ అనుకున్నాను. బాబాయిని మూసిన ఫ్యాక్టరీకి కాపలాగా ఉంచారు. గేటు తట్టాను. ఒక చెయ్యి పట్టేంత తెరిచి, ఆ సందులోంచి మొహం చూపించాడు. లోపలికి రమ్మనలేదు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన నా మొహం వంక కాకుండా గడియ వంక చూస్తూ విన్నాడు.

"నన్నెందుకు లాగుతావు అమ్మాయ్ ఇందులోకి" అన్నాడు.

"లాగడం ఏంటి బాబాయ్. తీసుకెళ్లమన్నది నువ్వే కదా. అదే చెప్పు."

"ఆ రోజు హడావుడిలో ఎవరితో ఏమన్నానో. నాకంత గుర్తులేదు."

"గుర్తులేకపోతే మూట చూపిస్తాను. ముడి నీదేగా."

గడియ మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత, "ముడిదేముంది అమ్మాయ్, ఎవరైనా వేస్తారు" అన్నాడు.

నన్ను తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. ఆ ముడి తన తర్వాత ఇంకెవరికీ రాదని పొంగిపోయిన మనిషి, నెల జీతం కోసం దాన్ని ఎవరిదో చేసేశాడు. గేటు మూసుకుంది. దారంతా నోట్లో తుప్పు నాకిన రుచి. ఇంటి దగ్గర కుళాయి కింద నోరు పుక్కిలించి ఊశాను.

అప్పీలు వేశాను. ఆ తర్వాత వాయిదాల భాగోతం మొదలైంది. ఓసారి విచారణాధికారి సెలవులో ఉందన్నారు. ఓసారి ఫైలు పక్క భవనానికి వెళ్లిందన్నారు. పక్క భవనానికి వెళితే ఇక్కడికి రాలేదన్నారు. మధ్యలో ఒక మెట్లదారి ఉంది, నా ఫైలు అందులోనే కాపురం పెట్టిందేమో. ఇంకోసారి అంతా సిద్ధంగా ఉండగా, కంపెనీ గడువు అడిగిందని పంపేశారు. కంపెనీ అడగగానే ఇచ్చేశారు. నేను అడిగితే రేపాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాళ్లరిగేలా తిరిగాననడం ఇలాంటప్పుడేనేమో. నా చెప్పులు నిజంగానే అరిగిపోయాయి.

ఈలోగా అత్తయ్య కళ్లు అలమరా మీదున్న మూట మీద పడ్డాయి.

"దాన్ని విప్పి నాలుగిళ్లలో బట్టలు కోసి పెడితే తిండికైనా వస్తుంది కదే. పైన కూర్చోబెట్టి పూజ చేస్తున్నావు."

"విప్పితే ముడి పోతుంది అత్తయ్యా. నేను మానేయలేదనడానికి నా దగ్గరున్నది ఆ ముడే."

"ముడి వాళ్లకి అర్థమవుతుందా?"

మూటని అలమరా మీద ఇంకాస్త లోపలికి జరిపాను. చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు తోమాను, మెట్లు కడిగాను. దానికి ఇచ్చింది దేనికీ చాలలేదు. అద్దె కోసం ఇంటావిడ రోజూ మెట్ల మీద ఎదురుపడి, పైకి ఏమీ అనకుండా నిట్టూర్చడం మొదలుపెట్టింది. ఒక రోజు నేను ఇంటికొచ్చేసరికి, బట్టల షోరూం నడిపే ఒకాయన మా గదిలో కూర్చుని ఉన్నాడు. అత్తయ్యే పిలిపించింది. మూట విప్పలేదు కానీ అందులో ఏముందో ఆయనకి వివరంగా చెప్పింది.

"పాతకాలం సామాన్లు గోడకి పెడుతున్నామండీ. కస్టమర్లు ఫోటోలు తీసుకుంటారు" అన్నాడు ఆయన. "పదునుతో పనిలేదు. తుప్పు కొద్దిగా ఉంటే ఇంకా అందం."

మా మేనత్తా నేనూ పట్టుకుని అరగదీసిన పిడి ఒకడి గోడ మీద వేలాడుతుంది. దాని పక్కన నిలబడి మనుషులు పళ్లికిలిస్తారు.  ఆయన్ని పొమ్మందామని నోరు తెరిచాను. అప్పటికే అత్తయ్య మాట ఇచ్చేసింది. విచారణ అయిన మర్నాడు వస్తాడట. గెలిస్తే వద్దని చెబుతామట, ఓడితే ఇచ్చేస్తామట. ఆ డబ్బు అద్దెకి సరిపోతుంది.

"ఓడితే దాన్ని దాచుకుని ఏం చేస్తావే" అంది ఆయన వెళ్లాక. గొంతు తగ్గించి అంది. ఆవిడ అన్నది నిజం.

విచారణ రోజు అత్తయ్య కూడా బయల్దేరింది. ఆఫీసు గుమ్మం దగ్గర కాపలావాడు మూట తడిమి, "ఇనుము ఉంది, లోపలికి కుదరదు" అన్నాడు. ఇది సాక్ష్యం అన్నాను. సాక్ష్యం అయితే మనిషి ఉండాలి కదా అన్నాడు. అత్తయ్య వాడికి వాళ్ల అమ్మ వయసు గుర్తుచేసింది, ఇంకా ఏవేవో గుర్తుచేసింది. చివరికి ముడి విప్పకూడదనే షరతు మీద వదిలాడు. ఆ షరతు నాకు ఇష్టమైనదే. అత్తయ్య వరండాలో బల్ల మీద కూర్చుంది, నేను లోపలికి వెళ్లాను.

విచారణాధికారికి జలుబు చేసి ఉంది. నడివయసు ఆవిడ, ముక్కు తుడుచుకున్న కాగితాలు ఫైళ్ల పక్కనే ఉండలు చుట్టి పెట్టుకుంది. ఒక ఉండ దొర్లి నా ఫైలుకి ఆనుకుని ఆగింది. నాకు ఆ ఆఫీసులో ఇక దేనికీ ఆశ్చర్యం లేదు. అటువైపు మేనేజర్ కూర్చున్నాడు, ఆయన పక్కన బాబాయి. కంపెనీ తరపు సాక్షి ఆయనే. స్టోరులోంచి తీసిచ్చిన కొత్త యూనిఫారం చొక్కా తొడుక్కున్నాడు. ఆ కాలరు నేను కోసిందే. ఎడమ చేతి కోత మూల దగ్గర ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. నేను కోసిన కాలరు పెట్టుకుని నా మీద చెప్పడానికి వచ్చాడు.

"మీ గదిలో కత్తెర బయటికి తీసుకెళ్తే అర్థం ఏంటి?" అని ఆవిడ బాబాయిని అడిగింది.

"మానేసినట్టేనమ్మా."

"ఈమెని తీసుకెళ్లమని మీరు చెప్పారా?"

"లేదమ్మా."

చిన్న గొంతుతోనే చెప్పాడు, అయినా తడుముకోలేదు. మేనేజర్ తల ఊపాడు, పిల్లాడు పద్యం అప్పజెప్పినప్పుడు మాస్టారు ఊపినట్టు.

"మీరేమంటారు?" అంది ఆవిడ నా వైపు తిరిగి.

నేను మూట బల్ల మీద పెట్టాను. ఉత్త కత్తెర పట్టుకుని వెళ్లేవాళ్లు మానేసేవాళ్లనీ, మేస్త్రి చుట్టి కట్టి ఇచ్చింది తీసుకెళ్లేవాళ్లు తిరిగి రావాల్సినవాళ్లనీ చెప్పాను. కట్టింది ఈయనే అని చూపించాను. ఆవిడ బాబాయి వంక చూసింది.

"ఈ మూట మీరు కట్టారా?"

"నేను కాదమ్మా. ఎవరు కట్టుకున్నారో నాకు తెలియదు."

"చూశారుగా మేడమ్" అన్నాడు మేనేజర్. "ఇంటి దగ్గర గుడ్డ చుట్టుకుని తెచ్చారు. ఇదేం సాక్ష్యం? అందులో కత్తెర ఉందని కూడా నమ్మకం లేదు."

"అదీ నిజమే. విప్పండి" అంది ఆవిడ నాతో.

"నేను విప్పను మేడమ్. మా దగ్గర కట్టినవాళ్లే విప్పాలి."

ఆవిడ విసుక్కుంటూ మూట తన వైపు లాక్కుంది. గోళ్లతో ముడిని గిల్లింది. అటు లాగింది, ఇటు లాగింది. లాగేకొద్దీ అది బిగుసుకుంది. తుమ్మింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ గిల్లింది. బాబాయి వేళ్లు బల్ల అంచు మీద కదలడం నేను చూశాను. ఆయనకి ఇలాంటివి చూడటం చేతకాదు. గదిలో ఎవరైనా పట్టీని తప్పు వైపు లాగితే దూరం నుంచే గింజుకునేవాడు.

"ఈ గోలంతా ఎందుకు" అని ఆవిడ పెన్నుల డబ్బాలోంచి కాగితాలు కోసే బ్లేడు తీసింది. దాన్ని పట్టీ కింద పెట్టబోయింది.

బాబాయి చెయ్యి బల్ల మీదుగా వచ్చి ఆవిడ మణికట్టు గాల్లోనే పట్టేసుకుంది.

"కోయకండమ్మా."

ఆవిడ నిర్ఘాంతపోయింది. ఒక ప్రభుత్వాధికారి చెయ్యి పట్టుకున్నానని ఆయనకి తెలిసినట్టు లేదు. రెండో చేత్తో మూట తన వైపు తిప్పుకున్నాడు. బొటనవేలితో ముడి మధ్యలో నొక్కి ఒక కొస లాగాడు. పట్టీ మొత్తం ఊడి బల్ల మీద పడింది. నూనె గుడ్డ దానంతట అదే తెరుచుకుంది. లోపల మా మేనత్త కత్తెర ఒక్క మచ్చ లేకుండా మెరుస్తోంది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, తుప్పు పట్టిందేమో అని. పట్టలేదు. ఆయన మొహంలో ఒక్క క్షణం తృప్తి కనిపించింది. అప్పుడు గది గుర్తొచ్చింది ఆయనకి.

 ఆవిడ తన మణికట్టు రుద్దుకుంది.

"ఎవరు కట్టారో తెలియదన్నారు" అంది.

బాబాయి తల వంచుకున్నాడు.

"మీరేనా?"

"నేనేనమ్మా."

"ఎందుకు కట్టి ఇచ్చారు?"

"తిరిగి రావాలి కదమ్మా."

మేనేజర్ ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. పక్కన టైపు చేసేవాడితో, 'ఉద్యోగి స్వచ్ఛందంగా మానివేసినట్టు రుజువు కాలేదు, అప్పీలు అనుమతించడమైనది' అని చెప్పి రాయించింది. నాకు ఎగిరి గంతేయాలని ఉండాలి. ఏమీ అనిపించలేదు. ఒక మనిషి అబద్ధం ఆడి, ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడం కూడా చేతకాక నా కళ్ల ముందు కుప్పకూలాడు. దాంట్లో సంతోషపడటానికి ఏముంది?

"డబ్బులు ఎప్పుడొస్తాయి మేడమ్?" అని అడిగాను.

"ఆర్డరు పోస్టులో వస్తుంది. అది పట్టుకెళ్లి మూడో కిటికీలో ఇవ్వండి."

"ఎప్పుడొస్తుంది పోస్టులో?"

"పై ఆఫీసు పరిశీలించాలి కదా" అని ఆవిడ తర్వాతి ఫైలు తీసింది. ముక్కు తుడిచిన కాగితం ఉండ నా ఫైలుతో పాటే కట్టలోకి వెళ్లిపోయింది.

నేను ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో గుడ్డా పట్టీ పట్టుకుని వరండాలోకి వచ్చాను. అత్తయ్య లేచి నిలబడింది.

"ఏమైంది?"

"నేను మానేయలేదని తేల్చారు."

"డబ్బులో?"

"పరిశీలించాలట."

"ఛీ" అంది. గోడకి ఉమ్మేద్దామన్నంత కోపంగా చూసి, మింగేసింది. కత్తెర వంక చూసింది, నా వంక చూసింది. "షోరూం ఆయనకి రావద్దని నేను చెబుతాలే. గెలిస్తే లేదు అనేగా మాట. ఇంటావిడ సంగతి కూడా నాకొదిలెయ్. మాటలు పడటం నాకు కొత్తా?"

వెనక తలుపు తెరుచుకుంది. మేనేజర్ మా పక్క నుంచి విసురుగా వెళుతూ, వెనక్కి తిరక్కుండానే, "రేపటి నుంచి గేటు దగ్గరికి రానక్కర్లేదు. తాళాలు మా ఇంట్లో ఇచ్చేయ్" అన్నాడు. బాబాయి సరేనన్నట్టు ఆ వీపుకి తల ఊపాడు. తర్వాత నెమ్మదిగా మా దగ్గరికి వచ్చాడు. దగ్గర నుంచి చూస్తే ఆ చొక్కా ఆయనకి బాగా వదులు.

క్షమించమంటాడేమో అనుకున్నాను. అంటే ఏమనాలో కూడా ఆలోచించుకున్నాను. ఆయన అనలేదు.

"అమ్మాయ్" అన్నాడు, "ఈ భృతి దరఖాస్తు ఏ కిటికీలో ఇవ్వాలి?"

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన్ని ఇలా అడిగేలా చేసినవాళ్ల మీద అంతకంటే ఎక్కువ వేసింది. యజమాని సాక్షిగా వచ్చి యజమాని పని చెడగొట్టినవాడికి భృతి ఇవ్వకుండా ఉండటానికి వాళ్లు ఏం రాసి పంపుతారో నేను ఇప్పుడే చెప్పగలను. ఆయన కాగితం మీద కూడా రేపాయన వేలు పడుతుంది.

"మూడో కిటికీ బాబాయ్" అన్నాను. "గుమ్మం దగ్గర నంబరు చీటీ తీసుకో. పెన్ను నీదే తెచ్చుకో."

సరేనన్నాడు. బయట వాన పడుతోంది. ఆయన చూపు నా చేతిలో కత్తెర మీదికి, బయట వాన మీదికి వెళ్లి మళ్లీ కత్తెర మీదికి వచ్చింది. రెండు చేతులూ చాపాడు.

"ఇలా ఇవ్వు, కట్టిస్తాను. తడుస్తుంది."

ఆ చేతుల్లో నేను గుడ్డా పట్టీ పెట్టాను. కత్తెర ఇవ్వలేదు. ఎడమ చేత్తో ఉత్తదాన్నే గట్టిగా పట్టుకుని, హాల్లో కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ చూస్తుండగా గుమ్మం వైపు నడిచాను. కాపలావాడు నా చేతిలో మెరుస్తున్నది చూసి పక్కకి తప్పుకున్నాడు. అత్తయ్య గొడుగు తెరుస్తూ నా వెనకే వస్తోంది.

"అమ్మాయ్" అని బాబాయి పిలిచాడు. ఆయనకి అర్థమైందని ఆ గొంతులోనే తెలిసింది. "అమ్మాయ్, గుడ్డ."

"మేకుకి తగిలించెయ్ బాబాయ్" అన్నాను.